గిర్ని సత్తెమ్మ కుట్టిన ఫిల్టరు

భూపాలపల్లిలో కాపురం ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఇక్కడి గాలిలో బొగ్గు ఉంటుంది. పొద్దున ఉతికి ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. కిటికీ ఊచ మీద వేలు పెడితే వేలే నల్లబడుతుంది. అందుకని నా కారు ఇంజన్‌కు పోయే గాలిని వడగట్టే ఫిల్టరును, కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసినదానికంటే ముందే మారుస్తాను. అదీ ఇంట్లోనే, నా చేతులతోనే. పోయిన ఆదివారం వాకిట్లో బానెట్ ఎత్తి, ఫిల్టరు డబ్బా క్లిప్పులు విప్పుతుంటే ఎదురింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "ఏంది మేడం, సర్వీసింగుకు ఇస్తే వాళ్ళే మారుస్తరు కదా, పెద్ద పంతులమ్మవు, చేతులకు గీ మసేంది?" అని నవ్వింది. మా మేనత్త నేర్పింది అన్నాను. "మీ మేనత్త మెకానికా?" అంది. కాదు, పిండిగిర్ని నడిపేది అన్నాను. ఆవిడ దాన్ని కూడా జోకు కిందే జమకట్టి లోపలికి పోయింది. పాత ఫిల్టరును నేలకేసి తడితే నల్లటి దుమ్ము రాలింది. నాకు మాత్రం వేరే రంగు దుమ్ము కళ్ళ ముందుకొచ్చింది. చేతులు కడుక్కుని, చాయ్ కూడా పెట్టుకోకుండా రాయడానికి కూర్చున్నాను.

మా మేనత్త పేరు సత్తెమ్మ. జనగామలో ఉత్త సత్తెమ్మ అంటే ఎవరికీ తెలియదు, గిర్ని సత్తెమ్మ అనాలి. మా బాపుకు సొంత అక్క. పెళ్ళయి మానుకోట అవతల కురవి దగ్గరి ఊరికి పోయింది. మామయ్య చిన్న వయసులోనే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి తిరిగొచ్చిన ఆడమనిషి వంటింట్లో ఒక మూల చూసుకుని సర్దుకుంటుందని అందరూ అనుకున్నారట. ఆమె మాత్రం ఒంటి మీద ఉన్న బంగారం అమ్మేసి, మా ఇంటి గోడకు ఆనుకుని రేకుల షెడ్డు వేయించి, ఎవరో వదిలించుకున్న పాత గిర్నిని తెచ్చి పెట్టింది. కరెంటు ఉంటే మోటారు మీద, లేకపోతే డీజిల్ ఇంజన్ మీద నడిచేది. బెల్టు జారితే ఆమే ఎక్కించేది, రాళ్ళు అరిగితే ఉలి, సుత్తి పట్టుకుని తానే గాట్లు పెట్టేది. ఇంజన్‌కు గాలి పీల్చే డబ్బా ఒకటి ఉండేది, దాన్ని పదిహేను రోజులకొకసారి విప్పి, లోపలి ఇనుప జాలిని గ్యాస్ నూనెలో కడిగేది. కిరోసిన్‌ను మా దిక్కు గ్యాస్ నూనె అంటాం. కారం పట్టేది ఒక్క శనివారమే. మిగతా రోజుల్లో కలెక్టరు భార్య మిరపకాయలు తెచ్చినా వెనక్కి పంపేదే, ఇంకొకరి పసిపిల్లల రాగిపిండిలో కారం ఘాటు కలవకూడదని.

నేను పుట్టింది, పెరిగింది ఆ గిర్ని చప్పుడులోనే. మా ఇంట్లో పొద్దు దాని మీదే తెలిసేది. పొద్దున జొన్నలు, మక్కలు. ఎండ ఎక్కేసరికి గోధుమలు. సాయంత్రం సకినాల బియ్యం. వేడి పిండి వాసన, డీజిల్ వాసన, కాలిన బెల్టు వాసన కలిసి అత్తమ్మ చీర కొంగులో ఉండేవి. ఆమె కనురెప్పల మీద కూడా పిండే. మధ్యాహ్నం అన్నానికి గిర్నిని సాయం చేసే పిల్లకు వదిలి మా వంటింట్లోకి వచ్చి, గిన్నె ముందు కూర్చుని, నోట్లో ముద్ద పెట్టుకోబోతూ చెవి గోడ వైపు తిప్పేది. "గా పోరి గోధుమల్ల రాయి ఏసింది" అని లేచి పోయేది. పోయి చూస్తే నిజంగానే గింజల్లో రాయి ఉండేది. ఇంజన్ చప్పుడు విని దానికి ఆకలైందో, దాహమైందో, పని ఎక్కువైందో చెప్పేది. మనుషుల మాటలు మాత్రం సగమే వినేది. నాకు ఆమె అంటే చచ్చేంత ఇష్టం, అంతకంటే భయం.

ఇక బాపు. కాలేజీ రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన తొలి ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్న మోకాలు ఆయనది. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను డిగ్రీ అయి బీఎడ్ సీటు కోసం చూస్తున్న రోజుల్లో ఆయన కిడ్నీలు రెండూ పని మానేశాయి. మంగళవారం, శుక్రవారం హన్మకొండ దవాఖానలో నాలుగేసి గంటలు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒక్కటి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, రెండు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఇంట్లో నీళ్ళకు కూడా కొలత వచ్చింది. అమ్మ పొద్దున్నే ఒక సీసా నింపి అలమారలో పెట్టేది, రోజంతా ఆయనకు అవే. కూరగాయలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండేది. మా అన్న భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసేవాడు, వారం వారం రాలేడు. అందుకే ఎవరో వాడి అమ్మేసిన చిన్న తెల్ల కారు కొన్నాం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. బాపును తీసుకుపోయి తీసుకురావడం నా ఉద్యోగం.

అప్పుడే, ఆ రాష్ట్రం కోసమే, సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, బొగ్గుబావులు మూతపడ్డాయి, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలియదు. జనగామ మొత్తం రోడ్డు మీదే ఉంది. దేవరుప్పుల నుంచి, బచ్చన్నపేట నుంచి ట్రాక్టర్ల మీద జనం వచ్చేవారు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, అక్కడే తిని, అక్కడే బతుకమ్మ ఆడేవారు. మా కారు ఆ ర్యాలీలకు ముందు నడిచే బండి అయింది. పైన మైకు కట్టేవారు. ముందు సీట్లో బాపు. నడవలేడు కాబట్టి, తొలి ఉద్యమం మనిషి కాబట్టి ఆయనను అట్లా కూర్చోబెట్టుకునేవారు. స్టీరింగ్ ముందు నేను, మొహం మాడ్చుకుని. మైకు పట్టే కనకయ్య అనే డిగ్రీ కుర్రాడు పొద్దున్నే వచ్చి "చెల్లే, ఇయ్యాల జర బండి" అనేవాడు. నేను నోరు తెరవకముందే లోపలి నుంచి బాపు "తీస్కపోదాం పా" అనేవాడు. మనుషుల నడకతో సమానంగా మొదటి గేరులో గంటల తరబడి పాకితే ఇంజన్ వేడెక్కేది. దానికి ఉపాయం నేనే కనిపెట్టాను. బానెట్ కింద జానెడు కట్టె పెట్టి, సందు వదిలి నడిపేదాన్ని. గాలి తగులుతుందని నా తెలివి. జనం రెండు వైపుల నుంచి దోసిళ్ళతో, గంపలతో గులాల్ చల్లేవారు. బండి, బాపు, నేను, రోడ్డు అంతా గులాబీ రంగు. ఇంటికొచ్చాక బయటి గులాల్‌ను నీళ్ళు పోసి కడిగేదాన్ని. లోపలికి పోయింది ఏమైందో నాకు తట్టలేదు.

ఒక మంగళవారం బాపును ఎక్కించుకుని హన్మకొండకు బయలుదేరాను. రఘునాథపల్లి దాటాక బండి బరువెక్కింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. వెనక నల్లటి పొగ. ఘన్‌పూర్ దగ్గర చిన్న ఎత్తు ఎక్కలేక నడి రోడ్డు మీద ఆగిపోయింది. స్టార్ట్ చేస్తే దగ్గి, కొంచెం పోయి, మళ్ళీ ఆగేది. ఎవరో పుణ్యాత్ములు తోశారు. అట్లా ఆగుతూ, కదులుతూ హన్మకొండ చేరేసరికి బాపు వంతు దాటిపోయింది. వేరే రోగిని ఎక్కించారు. కాళ్ళావేళ్ళా పడితే చివర్లో రెండు గంటలు ఇచ్చారు. "సగమే అయింది, శుక్రవారం మాత్రం టైముకు రావాలె, లేకుంటే నా చేతుల్లో ఉండదు" అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పాదాల మీద పట్టీలు దిగబడ్డ గుర్తులు లోతుగా ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

బుధవారం పొద్దున మెకానిక్‌ను బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. షెడ్డు మూసి సమ్మెలో కూర్చున్న మనిషి, పాపం, బాపు కోసం వచ్చాడు. ఇంజన్ రేజ్ చేయించి, పొగ చూసి, తల ఊపాడు. "చెల్లే, బోరుకొచ్చింది. ఇంజన్ దించాలె. సామాన్లు వరంగల్ కెళ్ళి రావాలె, గక్కడ దుకాన్లన్ని బంద్. సమ్మె అయినంక చూద్దాం తియ్యి" అన్నాడు. ఇంజన్ విప్పి లోపలంతా మార్చాలన్న మాట. శుక్రవారానికి ఎట్లా అంటే చేతులు తుడుచుకుని, పానాలు సర్దుకున్నాడు. ఆటోవాళ్ళను అడిగాను, అంత దూరం బంద్‌లో రామన్నారు. భూపాలపల్లికి ఫోన్ చేస్తే అన్న "బండి ఏదన్న దొరుకుతదేమో చూస్త" అన్నాడు, ఆ గొంతులోనే దొరకదని తెలిసింది. అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు దాచాలి, కోపంతో ఏడ్చాను. బాపు మీద, కనకయ్య మీద, రోడ్డు మీద వంటలు చేసుకుంటున్న జనం అందరి మీద.

సాయంత్రం అత్తమ్మ గిర్ని ఆపి వచ్చింది. "ఏడ్చింది సాలు గని, బండి ఒకపారి సాలు చెయ్యి" అంది, స్టార్ట్ చేయమని. చేశాను. తల ఒక పక్కకు వంచి విన్నది. "రేజు చెయ్యి... ఇగ ఇడువు... మళ్ళ చెయ్యి." తర్వాత చెయ్యి అడ్డం ఊపి ఆపమంది. "ఇంజన్‌కు రోగం లేదు బిడ్డా. గీ చప్పుడు నాకు ఎరుకే. నా ఇంజన్ జాలి నిండితే గిట్లనే మూలుగుతది, గిట్లనే నల్లపొగ ఇడుస్తది. దీనికి ఊపిరి ఆడ్తలేదు. గాలి ఎక్కడికెళ్ళి పీలుస్తదో సూపియ్యి." నాకేం తెలుసు? బానెట్ ఎత్తాం. ఆమె వేళ్ళతో గొట్టాలు తడుముకుంటూ పోయి, గుండ్రటి నల్ల డబ్బా దగ్గర ఆగింది. నడుమ ఒక నట్టు, చుట్టూ క్లిప్పులు. పటకారు పెట్టి నట్టు తిప్పింది, మూత ఎత్తింది. నేను తొంగి చూశాను. లోపల ఫిల్టరు లేదు, గులాల్ ముద్ద ఉంది. కాగితం మడతల్లో ప్రతి సందు గులాబీ రంగుతో పూడిపోయి, పైన రోడ్డు దుమ్ము పొరలు కట్టి ఉంది. చెయ్యి పెడితే మణికట్టు దాకా రంగు. బానెట్ కింద కట్టె పెట్టి, అన్ని ర్యాలీల గులాల్‌ను ఇంజన్ నోట్లో నేనే పోశాను.

బాపు కర్ర ఊతంగా వాకిట్లోకి వచ్చి చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. నేను ఊరుకోలేదు. "ఇగ బండి ఎవ్వరికిచ్చేది లేదు బాపూ. ఉద్యమం నీ ఒక్కనితోని ఆగదు. నువ్వు ఆగిపోతే మేం ఏం కావాలె?" అని అరిచాను. ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. బాపు కర్రను గోడకు ఆనించి మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. "వారానికి రెండుపార్ల రక్తం కడిగిచ్చుకొని, ఇంట్ల పండుకొని, దూలాలు లెక్కపెట్టుకుంట బతకమంటవా బిడ్డా? గట్ల బతికితే గా మిషిన్ దండుగ" అన్నాడు. అత్తమ్మ ఆ గులాబీ ముద్దను చేతిలో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పంచాయితి తర్వాత పెట్టుకోండ్రి. శుక్రారం ముందు రానీయిండ్రి" అని లోపలికి పోయింది.

ఇక్కడ అత్తమ్మ ఒక తప్పు చేసింది. తన గిర్ని ఇంజన్ జాలిని ఎట్లా కడిగేదో దీన్నీ అట్లాగే కడిగింది. గ్యాస్ నూనెలో ముంచి జాడించింది. వాసన పోవడానికి సబ్బునీళ్ళలో నానబెట్టింది. గిన్నె నిండా గులాబీ నీళ్ళు వచ్చాయి, రెండుసార్లు మార్చింది. ఆరడానికి బట్టల తీగకు వేలాడదీసింది. గురువారం పొద్దున చూస్తే మడతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, తాకితే తడిసిన అప్పడంలా చిరిగి చేతిలోకి వస్తోంది. జనగామలో కొత్తది దొరకదు, ఉన్నది పోయింది. ఇంకొకరైతే ఫిల్టరు పాతదనో, నీళ్ళు మంచివి కాదనో అనేవారు. అత్తమ్మ నా ఎదురుగా కూర్చుని, "తప్పు నాదే. నా దాంట్ల ఉన్నది ఇనుప జాలి. గిది కాయిదం. కాయిదాన్ని పట్టుకొని బట్ట ఉతికినట్టు ఉతికిన. కండ్లుండి సూడలే" అంది. నా కోపం అక్కడే చల్లారింది.

ఫిల్టరు లేకుండా ఒకరోజు నడిపితే కొంపలేం మునగవని మెకానిక్ ఆ తర్వాత చెప్పాడు. కానీ సమ్మె ఒకరోజుదా? బాపుకు వారానికి రెండు రోజులు, ఎన్ని వారాలో ఎవరికీ తెలియదు. దారి పొడుగునా ట్రాక్టర్ల దుమ్ము. "నోరు తెర్సుకొని గా దుమ్ముల పరుగెత్తితే నెల తిరక్కుండ నిజంగనే బోరుకొస్తది" అని అత్తమ్మ ఒప్పుకోలేదు. చిరిగిన కాగితాన్ని పారెయ్యకుండా, చాప మీద పెట్టుకుని మడతలు ఒక్కొక్కటే విప్పి చూసింది. విప్పిన కాగితం వాకిలి మధ్య దాకా వచ్చింది. "సూసినవా, గింత డబ్బల గంత కాయిదం పట్టిచ్చిన్రు. జాగ తక్కువ, గాలి ఎక్కువ కావాలె. అందుకే గీ మడతలు" అంది. తనకు తెలియని పనిని, తాను పాడుచేసిన వస్తువు దగ్గరే కూర్చుని నేర్చుకుంది ఆమె. నేను పదేళ్ళకు పైగా పాఠాలు చెప్పే మనుషుల మధ్య తిరుగుతున్నాను. అట్లాంటి విద్యార్థిని ఇంకొకరిని చూడలేదు.

తర్వాత గిర్నిలోకి పోయి, పిండి రాలే గొట్టానికి కట్టే పొడుగాటి గుడ్డ సంచిని విప్పుకొచ్చింది. గిర్ని చూసినవాళ్ళకు తెలుస్తుంది. రాళ్ళ మధ్య నుంచి పిండి వేడి గాలితో కలిసి దూకుతుంది, ఆ గుడ్డ గాలిని బయటికి వదిలి పిండిని కిందికి డబ్బాలోకి జారుస్తుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసిన గుడ్డ. దాన్ని ఉతికి, ఇస్త్రీ పెట్టె కింద పొడిగా ఆరబెట్టి, ఒక ముక్క కత్తిరించి నా మూతికి అడ్డం పెట్టింది. బయటి వైపు చిటికెడు మెత్తటి పిండి అద్ది, "నోటితోని గట్టిగ పీల్చు" అంది. పీల్చాను. "నాలుక సూపియ్యి." నాలుక మీద పిండి. రెండు పొరలు చేసింది, మళ్ళీ పీల్చమంది. పిండి రాలేదు, గాలి వచ్చింది. మూడు పొరలకు నాకు ఊపిరి ఆడలేదు. తాను కూడా పీల్చి చూసుకుంది. మూతి నిండా పిండితో ఇద్దరం ఎదురుబొదురుగా నాలుకలు చాచుకుని కూర్చుంటే, అమ్మ గడపలో నిలబడి మాకు పిచ్చిపట్టిందేమో అన్నట్టు చూసింది. వారం రోజుల్లో ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వింది అప్పుడే.

రెండు పొరలు ఖాయం చేసి, పాత ఫిల్టరు లోపలి ఇనుప జాలిని, పైనా కిందా ఉన్న రబ్బరు చుట్లను శుభ్రంగా తుడిచి దగ్గర పెట్టుకుంది. గుడ్డను చీర కుచ్చిళ్ళు పోసినట్టు సన్నగా మడతలు పెట్టుకుంటూ జాలి చుట్టూ తిప్పింది, దబ్బనంతో, గోనె దారంతో కుట్టింది. ఒక మడత వంకరగా వస్తే విప్పి మళ్ళీ పెట్టింది. "కుట్ల సందులకెళ్ళి దొంగగాలి పోవద్దు" అని అంచుల పొడుగునా మైనం రుద్దింది. సాయంత్రానికి అయింది. డబ్బాలో పెట్టి, మూత వేసి, నట్టు బిగించి, నన్ను సాలు చేయమంది. బండి ఒక్కసారికే అందుకుంది. పొగ లేదు. బచ్చన్నపేట రోడ్డు మీద ఎత్తు దాకా పోయి వచ్చాం. నేను ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది, ఇంకా వింటోంది. ఇంటికొచ్చాకే నాకు గుర్తొచ్చి, "మరి గిర్నికి సంచి?" అని అడిగాను. ఉన్నది అదొక్కటేనట. "నా పాత నూలు చీర ఉన్నది కదా, గదే కడుత" అంది. ఆ సమ్మె అయిపోయేదాకా అత్తమ్మ రెండు చీరలతోనే వెళ్ళదీసింది, ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. నేను మూడో వారంలో గాని గమనించలేదు. ఆ గమనించకపోవడం ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

ఇప్పుడు నా కారు ఫిల్టరు మార్చడానికి అయిదు నిమిషాలు పడుతుంది. పటకారు కూడా అక్కర్లేదు. ఫోన్‌లో నొక్కితే కొత్తది రెండో రోజుకు గుమ్మంలో ఉంటుంది. రక్తం శుద్ధి చేసే మిషన్లు మా జనగామ దవాఖానలోనే ఉన్నాయి, హన్మకొండ దాకా పోయే పని లేదు. ఇవన్నీ మంచివే, ఆ రోజుల్లో ఉంటే బాపు అంత తిప్పలు పడేవాడు కాదు. పాతవన్నీ బంగారమని చెప్పే వయసుకు నేనింకా రాలేదు. కానీ ఒక వస్తువు పాడైతే దాని ముందు కూర్చుని అది ఏం పని చేస్తుందో అర్థం చేసుకునే ఓపిక నాకే తగ్గింది, మా బడి పిల్లలకు ఇంకా తగ్గింది. ఎదుటి ఇంట్లో ఎవరికి ఊపిరి ఆడటం లేదో చప్పుడు విని చెప్పగలిగే చెవి ఎవరికుంది? అత్తమ్మా లేదు, బాపూ లేడు. గిర్ని ఉన్న చోట ఫోన్ల దుకాణం వచ్చింది.

శుక్రవారం ఏడు గంటలకే బయలుదేరాం. వెనక సీట్లో అత్తమ్మ, ఒళ్ళో దబ్బనం, దారపు ఉండ, మిగిలిన గుడ్డ ముక్క. ఎన్ని బంద్‌లు జరిగినా జనం తిండి ఆగొద్దని తెరిచే ఉంచిన గిర్నికి ఆ రోజు తాళం వేసింది. బాపు కాళ్ళు చెప్పుల్లో పట్టక వట్టి పాదాలతో కూర్చున్నాడు. మాట్లాడితే ఆయాసం. ఊరు దాటే చోట, హన్మకొండ రోడ్డు మీద జనం అడ్డంగా ఉన్నారు. పొయ్యిలు, గుండిగలు, ట్రాక్టర్లు, అయిదారు వందల మంది. మా బండిని గుర్తుపట్టారు. "మన మైకు బండి వచ్చింది!" అని ఎవరో అరిచారు. కనకయ్య మైకు పట్టుకుని ముందు, వెనక జనం, అందరి పిడికిళ్ళలో గులాల్. మమ్మల్ని చూసి సంతోషంతో ఉరికొస్తున్నారు. నా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. అత్తమ్మ ఎప్పుడు తలుపు తీసిందో తెలియదు, బానెట్ ముందు రెండు చేతులూ చాచి నిలబడి ఉంది.

"ఆగుండ్రి! ఎవ్వరు సల్లొద్దు!" అంది. గిర్ని చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు అది, మైకు అక్కర్లేదు. "మీరు సల్లిందంత పీల్చుకొని మంగళారం నాడు గీ బండి నడి తొవ్వల ఆగింది. నా తమ్మునికి సగమే రక్తం కడిగిన్రు. కాళ్ళు సూడుండ్రి ఎట్లున్నయో. పది గంటల్లోపట పోకుంటే దక్కడు. జర తొవ్వియ్యిండ్రి బిడ్డా." ముందున్నవాళ్ళు కారు లోపలికి చూశారు. కనకయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. అతని మొహంలో రంగు పోయింది. "నాకు చెప్పలేదేందే చెల్లే" అన్నాడు నాతో. తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకుని, "ఎవ్వరు చెయ్యి ఇప్పొద్దు! బండి దాటేదాకా ఎవ్వరు పిడికిలి ఇప్పొద్దు!" అని అరిచాడు. ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. ఆడవాళ్ళు కొంగులు చేతికి చుట్టుకుని, ఉడుకుతున్న అన్నం గుండిగలను పొయ్యిల మీద నుంచి దించి పక్కకు జరిపారు. రాళ్ళు తీశారు. ట్రాక్టరు వెనక్కి పోయింది. రోడ్డు మధ్యలో ఒక్క బండి పట్టేంత దారి తెరుచుకుంది.

అత్తమ్మ ఎక్కింది. నేను మొదటి గేరులో పోనిచ్చాను. రెండు వైపులా మనుషులు, మూసిన పిడికిళ్ళు. వేళ్ళ సందుల నుంచి సన్నగా రంగు కారుతుంటే ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. నినాదాలు లేవు. ఒక ముసలవ్వ పిడికిలిని కొంగులో చుట్టుకుని నిలబడింది. బాపు రెండు వైపులా తిరిగి దండం పెడుతూనే ఉన్నాడు. ఇంజన్ చప్పుడు మాత్రమే వినబడుతోంది, దగ్గకుండా, మూలగకుండా. అత్తమ్మ కళ్ళు మూసుకుని దాన్ని వింటోంది. నా కళ్ళలో నీళ్ళు, దారి సరిగ్గా కనబడటం లేదు. మూడు రోజులుగా వీళ్ళందరినీ తిట్టుకున్నాను కదా అని సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

జనం అయిపోయి, రోడ్డు ఖాళీగా కనబడ్డాక రెండో గేరు, మూడో గేరు వేశాను. అప్పుడు వెనక నుంచి ఒక్కసారిగా కేక లేచింది. అద్దంలో చూస్తే, దూరంగా రోడ్డు మీద గులాబీ రంగు మబ్బు లేచింది. మేం దాటేదాకా పట్టుకున్నదంతా అప్పుడు చల్లారు. బాపు వెనక్కి తిరగబోయి, ఆయాసంతో తిరగలేకపోయాడు. నేను చెయ్యి పెట్టి అద్దాన్ని ఆయన వైపు తిప్పాను. ఆయన దాంట్లోకి చూశాడు. "సల్లిన్రు" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత హన్మకొండ దాకా అద్దాన్ని నా వైపు మళ్ళించుకోలేదు.

దవాఖాన ముందు బండి ఆపేసరికి పది కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. బాపు నా భుజం పట్టుకుని దిగాడు. మెట్ల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి, నా మొహంలోకి చూడకుండా, "బిడ్డా, ఆదివారం ర్యాలీ ఉన్నది" అన్నాడు.

"నేనే నడుపుత బాపూ" అన్నాను.